గసగసాల కాపడం

చచ్చిన కాలికి వెచ్చదనం తెప్పించిన కాంపౌండరును నేను. మోకాలి కింద రాయిలా చల్లబడి, వేళ్ళ దగ్గర నలుపు తిరిగిన కాలు అది. నా చేతి మీదుగా వెళ్ళిన మందుతో చూస్తుండగానే అప్పుడే దించిన అన్నం గిన్నెలా వెచ్చబడింది. ఆ వింత చూడటానికి చిత్తూరు నుంచి పెద్ద డాక్టరు పనిగట్టుకొని కారు వేసుకొని వచ్చాడు. తిరుపతిలో అప్పట్లో ఈ సంగతి తెలియనివాడు లేడు.

ఈ మాటలు నేను పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, రైలు పెట్టెల్లో చెప్పాను, నా పదవీ విరమణ రోజున వేదికెక్కి మరీ చెప్పాను. ఎవరూ అడ్డు రాలేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతుంటే మాత్రం చెయ్యి కొంచెం జంకుతోంది. కాబట్టి ముందు ఆ కారును తీసేస్తాను. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, పెట్రోలు ఎక్కడిది? ఆయన పాకాల మీదుగా రైల్లో వచ్చి, స్టేషను బయట జట్కా ఎక్కి, నడుము పట్టుకొని దిగాడు. ఊళ్ళో తెలియనివాడు లేడన్నది కూడా కొట్టేయండి. ఆ ఊళ్ళో నా పేరు తెలిసినవాళ్ళే లేరు. మిగతాది చెబుతూ పోతాను. ఇంకా ఏవేవి తీసేయాల్సి వస్తుందో నాకూ తెలియదు.

మందుల దుకాణాల్లో చల్లగా కూర్చొని మాత్రల అట్టలు కత్తిరించి ఇచ్చేవాళ్ళనే చూసిన మీకు కాంపౌండరు పని ఏమిటో తెలియకపోవచ్చు. రోగి తెచ్చుకొన్న సీసాలో మందు కలిపి పోయడం, కాగితం ముక్కను గాట్లు పెట్టి కోసి మోతాదు తెలిసేట్టు సీసాకు అంటించడం, సూదులు ఉడకబెట్టడం, గాయాలు కడగడం మా పని. డాక్టరు లేనప్పుడు డాక్టరులా దగ్గడం కూడా.

చిత్తూరులో పుట్టి పెరిగినవాణ్ణి. తిరుపతిలో ఒక చిన్న ఆసుపత్రికి వేశారు. పెళ్ళి కాలేదు. ఆసుపత్రి వెనక వంటకు, పడకకు కలిపి ఒకటే గది. మీరు అనుకోవచ్చు, తిరుపతిలో మనుషులకేం కొదవ అని. అదే చిక్కు. వచ్చేవాళ్ళంతా కొండకు వచ్చినవాళ్ళే. పొద్దున జుట్టుతో కనిపించినవాడు మర్నాడు గుండుతో కనిపిస్తాడు, ఆ తర్వాత కనిపించడు. నాతో మాట కలిపినవాళ్ళు అడిగేది ఒకటే, "అలిపిరికి ఎట్ల పోవాల?" చెయ్యి చాపి చూపించేవాణ్ణి. వాళ్ళు అటు నడిచేవాళ్ళు. సాయంత్రం గది ముందు కూర్చొంటే కొండ మీద మెట్ల దారి వెంట దీపాలు పాకుతూ పైకి పోయేవి. అన్నీ నాకు వీపు చూపిస్తున్నట్టే ఉండేవి. కొన్ని రోజులు, నిజంగా, మందు తాగాల్సిన తీరు చెప్పడం తప్ప ఇంకో మాట నా నోట రాలేదు. "బాగా కుదిపి తాగవలెను." గదిలోకి వచ్చాక ఆ మాటే గోడతో అనేవాణ్ణి.

మా డాక్టరుది కృష్ణా తీరం. యుద్ధానికి భయపడి భార్యాపిల్లల్ని ఊరికి పంపేశాడు. ఆయన కూడా ఒంటరే. కానీ ఆయన ఒంటరితనానికి పుస్తకాలు ఉన్నాయి, నాకు లేవు. నర్సమ్మ మాత్రం మా చిత్తూరు మనిషే. సువార్త బడిలో చదువుకొన్నది, నాకంటే పెద్దది, ఆసుపత్రిలో డాక్టరు కూడా భయపడే మనిషి ఆమె ఒక్కతే.

ఒక రోజు మధ్యాహ్నం ఒక డోలీ మనిషిని డోలీలోనే మోసుకొచ్చారు. అప్పటికి కొండకు బస్సు రోడ్డు పూర్తి కాలేదు. నడవలేని యాత్రికులను నలుగురు మనుషులు డోలీలో మెట్ల మీదుగా ఎక్కించేవాళ్ళు. ఈ కథ చెప్పేటప్పుడు పదిమంది మోసుకొచ్చారని అంటుంటాను. పదిమంది కాదు. నలుగురు కూడా కాదు, ముగ్గురే. నాలుగోవాడే గదా లోపల ఉన్నది. ఇన్నాళ్ళూ భుజాన మోసిన దాంట్లో తాను కూర్చొని రావడం ఆయనకు సిగ్గుగా ఉన్నట్టుంది, దుప్పటి ముఖం మీదికి లాక్కొన్నాడు.

పిక్క పట్టేసేదట. నాలుగు మెట్లు ఎక్కగానే రాయి కట్టినట్టు బిగుసుకొని, ఆగితే వదిలేదట. ఆగుతూ ఆగుతూ మోశాడు. చివరికి ఆగినా వదలడం మానేసింది. బొటనవేలు నల్లబడింది. డాక్టరు పాదం మీద చెయ్యి వేసి అడిగాడు:

"బీడీలు ఎన్ని కాలుస్తావయ్యా?"

"లెక్క యాడుంటాది సామీ. మండపం వచ్చినప్పుడంతా ముందరోడు ముట్టించి ఎనక్కిస్తాడు. తీసుకోకుంటే వాడికి కోపం వస్తాది."

డాక్టరు మాతో బయటికి వచ్చి చెప్పాడు. బీడీలు తాగితాగి కాలిలో రక్తం పారే గొట్టాలు బిగుసుకుపోయాయి. నలుపు పైకి పాకితే చిత్తూరుకు పంపి మోకాలి కింద కోయించాలి. డోలీ మనిషికి కాలు కోయడమంటే ఏమిటో మాలో ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేదు.

"కానీ ఒకటుందయ్యా," అన్నాడు. ఆ రోజు ఆయన ముఖంలో వెలుగు నాకు ఇంకా గుర్తు. "పాపావరిన్."

నల్లమందులో నొప్పిని, మనిషిని కలిపి పడుకోబెట్టే సరుకు ఉందని నాకు తెలుసు. ఆ మందున్న బీరువా తాళంచెవి డాక్టరు మొలతాడుకే ఉండేది. అదే నల్లమందులో దీనికి తమ్ముడిలాంటిది ఇంకొకటి ఉందట. మత్తు ఎక్కించదట. బిగుసుకొన్న రక్తనాళాలను వదులు చేస్తుందట. ఇలాంటి కాళ్ళకు పనికిరావచ్చునని ఆయన ఎక్కడో చదివాడు. మద్రాసులో తనతో చదువుకొన్న మరో డాక్టరు ద్వారా తెప్పించాడు. రేణిగుంటలో రైలు దిగిన ఆ చిన్న అట్టపెట్టెను నేనే పోయి తెచ్చాను. దారిలో దొంగలు వెంటబడ్డారని కొన్నాళ్ళు చెప్పుకొన్నాను. ఒక కుక్క వెంటబడింది.

సూది వేసేది డాక్టరే. నేను సూది ఉడకబెట్టి, గాజుబుడ్డి మెడ విరిచి, మందు లాగి అందించేవాణ్ణి. "నా చేతి మీదుగా వెళ్ళిన మందు" అంటే ఇదే. ఉదయం రౌండులో కాలు చూడటం, బయటి రోగులందరినీ పంపేశాక పన్నెండు దాటి సూది వేయడం, మళ్ళీ మర్నాడు ఉదయం కాలు చూడటం. పూట గడిచినా మందు గుణం నిలుస్తుందా అన్నది ఆయనకు కావాలి. పాదానికి దూది చుట్టించి, పైభాగం మాత్రం ఖాళీగా ఉంచి, అక్కడ ముంజేతి వెనక భాగం ఆనించి కళ్ళు మూసుకొనేవాడు.

నర్సమ్మ ఒకసారి అడిగింది. "ఆ మనిసిని ఎట్లుండాదని అడగరాదా సార్?"

"రోగి మాట పట్టుకోకూడదమ్మా. డాక్టరును సంతోషపెట్టడానికి తగ్గిందంటాడు. కాలు అబద్ధం చెప్పదు."

ఎంత గొప్ప మాట అనిపించిందో! నేను ఆ మాటను కూడా కొన్నాళ్ళు నాదిగా వాడుకొన్నాను.

డోలీ వాళ్ళు మొదట్లో ఒకసారి వచ్చి చూసి పోయారు. తర్వాత రాలేదు. ఆయన మంచం పక్క కిటికీలోంచి అలిపిరి వైపు పోయే బాట కనిపించేది. ఒక రోజు ఆ ముగ్గురూ ఖాళీ డోలీతో పోతూ కనిపించారు. వాళ్ళ పక్కన నాలుగోవాడు ఉన్నాడు, ఎవరో కొత్త మనిషి, సరిగ్గా ఈయన ఎత్తే. ఆయన చూశాడు. దుప్పటి సర్దుకొన్నాడు.

అది చూసిన రోజు నుంచే నేను ఆయన దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. సూది పడ్డాక, వార్డు సద్దుమణిగాక, ముక్కాలిపీట లాక్కొని కూర్చొనేవాణ్ణి. పాపం, ఎవరూ లేని మనిషి అని. చిత్తూరు కబుర్లు, మా నాయన చేసిన పొట్టేళ్ళ బేరాలు, నేను చూడని మద్రాసు, నేను ఎక్కని ఓడ, అన్నీ చెప్పేవాణ్ణి. ఆయన ఊఁ కొట్టేవాడు. దీపాలు పెట్టేదాకా చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో నేను గదికి పోయి గోడతో మాట్లాడలేదు.

ఆయన భార్య తెల్లవారకముందే సంగటి ముద్ద కట్టుకొని వచ్చేది. మొగుణ్ణి చూసుకొని, పొద్దెక్కేసరికి కూలికి పోయేది. ఒక ఉదయం నన్ను అడిగింది.

"ఏం మందయ్యా అది, అంత సన్న బుడ్డిలో?"

"గసగసాలు తెలుసా నీకు?"

"తెలీకేం? పాయసంలో ఏస్తాం, కోడికూరలో నూరి ఏస్తాం."

"ఆ చెట్టు కాయను గీస్తే పాలు కారతాయి. పాలు ఎండితే నల్లమందు. దాన్నుంచి దొరల శీమలో వడగట్టి వడగట్టి తీసిన సారం ఇది. మీ ఆయన కాలు సల్లగా ఉండిందా, కోసేస్తారు. ఎచ్చబడిందా, మిగుల్తుంది. ఆ ఎచ్చదనం తెచ్చేది ఈ మందే."

"గసగసాలకు అంత సత్తువుండాదా!"

ఇక్కడ నేను ఒక మాట అనాలి. గింజలో ఆ సరుకు ఉండదు, ఉన్నదంతా కాయ పాలల్లోనే అని చెప్పాలి. నాకు తెలుసు. కానీ ఆమె కళ్ళు అంత పెద్దవి చేసుకొని నా మాట వింటోంది. నా మాటకు అంత విలువ ఇచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో ఇంకెవరూ లేరు. "ఉండాది మరి," అన్నాను.

నర్సమ్మ గుడ్డలు మడుస్తూ, "నీ మాటకు కూడా ఒక కొలతగ్లాసు పెట్టాలప్పా," అన్నది.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఒక ఉదయం డాక్టరు పాదం మీద చెయ్యి ఆనించి, తీసి, మళ్ళీ ఆనించాడు. "కాంపౌండర్, నువ్వు చూడు!" చూశాను. వెచ్చగా ఉంది. మర్నాడూ వెచ్చగానే ఉంది. ఆ పైన ప్రతి ఉదయమూ. డాక్టరు గంభీరమైన మనిషి, ఆ వారం వరండాలో ఈల వేసుకొంటూ తిరిగాడు. నాకు సిగరెట్టు ఇచ్చాడు, వెంటనే గుర్తొచ్చి వెనక్కి తీసుకొన్నాడు. చిత్తూరు పెద్ద డాక్టరుకు కబురు పంపాడు. ఆయన ఒప్పుకొంటే మద్రాసు డాక్టర్లకు ఈ సంగతి రాయాలని ఆశ. అందులో నా పేరు కూడా వేస్తానన్నాడు. ఇది మాత్రం తీసేయకండి, నిజంగానే అన్నాడు.

ఒక రోజు దుప్పటి మీద కొన్ని గసగసాలు కనిపించాయి. ఏ పాయసమో తెచ్చి ఉంటుంది, నాకు పెట్టలేదే అనుకొని, ఏరి నోట్లో వేసుకొన్నాను. వేయించినవి. బాగున్నాయి.

పెద్ద డాక్టరు పొద్దున్నే రావాలి. రైలు ఆలస్యమై పన్నెండు దాటాక వచ్చాడు. ఆయన చూసేదాకా ఆ రోజు సూది ఆపారు. వార్డు కడిగించాం. నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కొన్నాను. డోలీ మనిషికి నర్సమ్మ గడ్డం గీయించింది. భార్య కూలికి పోకుండా మూలన నిలబడి ఉంది, మాటిమాటికీ మంచం వైపు వస్తే నర్సమ్మ వెనక్కి పంపుతోంది.

పెద్ద డాక్టరు పాదం మీద చెయ్యి పెట్టాడు. కొంచెం సేపు ఉంచాడు. రెండో పాదం మీద పెట్టాడు. మా డాక్టరు వైపు చూడకుండా అన్నాడు, "చల్లగా ఉంది."

"ఉదయం వెచ్చగా ఉందండీ. నేను చూశాను. కాంపౌండరు కూడా చూశాడు."

"ఆ దూది విప్పండి."

భార్య ముందుకొచ్చింది. "నేను ఇప్పుతా, నేనే కట్టేది." అప్పుడు తట్టింది మాకు, ఆ దూది చాలా రోజులుగా ఆమే కడుతోంది. మాకు ఒక పని తగ్గిందని మేము ఊరుకొన్నాం. నర్సమ్మ ఆమెను పక్కకు తప్పించి విప్పింది. అరికాలంతా పొక్కి, పొక్కు చితికి, కింద చర్మం అట్టలా గోధుమరంగు తిరిగి ఉంది.

"ఎవరు కాల్చారు దీన్ని?" అన్నాడు పెద్ద డాక్టరు.

నర్సమ్మ పరుపు ఎత్తి చూసింది. గుడ్డ మూట ఒకటి దొర్లి పడి విడిపోయింది. గసగసాలు కడిగిన నేల మీద నలుదిక్కులా పారాయి.

"కాపడం పెట్టినా సామీ," అన్నది భార్య. "తెల్లారికి మునుపు, గసగసాలు ఎచ్చజేసి మూటగట్టి. లోపలికి సూదిలో పోతా ఉండాదే, బయట నుంచి కూడా పెడితే బిరీన ఎచ్చబడతాదని. సల్లగుంటే కోస్తారంటనే! కాంపౌండరయ్యే సెప్పినాడు."

నేనే చెప్పాను. ఇస్త్రీ చొక్కా వేసుకొని నిలబడ్డ ఆ కాంపౌండరు వైపు నర్సమ్మ చూసిన చూపు ఇంకా నా మీదే ఉన్నట్టుంటుంది.

రక్తం అందని పాదానికి వేడి తెలియదు. కాలుతున్నా ఆయనకు తెలియలేదు. "పెడ్తా ఉంటే ఏం కాలేదు గదా, నొయ్యలేదు గదా!" అని ఆమె మొగుణ్ణి అడుగుతోంది. ఆయన లేదన్నట్టు తల ఊపాడు. తర్వాత మా డాక్టరును చూసి, తప్పు తనదే అయినట్టు, "దాన్ని ఏమీ అనొద్దు సామీ," అన్నాడు.

పుండు మానలేదు. వారం లోపలే పాదం దాటి పైకి పాకింది. పాకాల మీదుగా పోయే రైల్లో ఆయన్ను చిత్తూరుకు పంపాం. మోకాలి కింద కోసేశారు.

మా డాక్టరు మిగిలిన గాజుబుడ్లను అట్టపెట్టెతో సహా నా బల్ల మీద పెట్టాడు. "ఇవి వట్టి నీళ్ళయ్యా. నేను ఇన్నాళ్ళూ నమ్మింది ఆవిడ గసగసాల మూటను." ఆ తర్వాత ఆయన రౌండ్లలో మాట్లాడటం తగ్గించేశాడు. పుస్తకాలు మూసిపెట్టాడు. కొన్నాళ్ళకు యుద్ధ సేవకు పేరు ఇచ్చుకొని వెళ్ళిపోయాడు. స్టేషనుకు నేను ఒక్కణ్ణే వెళ్ళాను. వెచ్చబడ్డ కాలి మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకొన్న ఆ ముఖాన్ని నేను మళ్ళీ చూడలేదు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో తెలియదు.

ఆయన తర్వాత వచ్చిన డాక్టరు చెప్పాడు, పాపావరిన్ బిగిసిన గొట్టాన్ని కాసేపు వదులు చేస్తుందే కాని పూర్తిగా మూసుకుపోయినదాన్ని తెరవలేదని. ఆ కాలు ఎట్లా అయినా పోయేదేమో అని కూడా అన్నాడు. ఆ 'ఏమో'ను నేను చాలా ఏళ్ళు తలగడ కింద పెట్టుకొని పడుకొన్నాను. కొండకు బస్సులు తిరగడం మొదలయ్యాక ఇంకో ఓదార్పు దొరికింది. కాలు మిగిలినా మోయడానికి డోలీలు ఎన్నాళ్ళు మిగిలేవి?

నేను ఉద్యోగం చాలించాక తిరుపతిలోనే ఉండిపోయాను. ఎందుకని అడిగితే దేవుడి సన్నిధి అంటాను. చిత్తూరులో నన్ను గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, అదీ సంగతి. కొన్నేళ్ళ క్రితం అలిపిరి దగ్గర టెంకాయలు, కర్పూరం అమ్మే ఒక ముసలాయన పక్కన చంకకర్ర ఆనించి ఉండటం చూశాను. ఆయనే. భార్య పోయిందట. నన్ను వెంటనే గుర్తుపట్టాడు. అప్పటి నుంచి వీలైనప్పుడల్లా పోయి ఆయన దగ్గర కూర్చొంటున్నాను.

ఒక రోజు ఆ అంగడి దగ్గర నిలబడ్డ యాత్రికులకు మీకు మొదట్లో చెప్పినట్టే కథ ఎత్తుకొన్నాను. కారు కూడా పెట్టాను. కాలు వెచ్చబడటం, పెద్ద డాక్టరు రావడం, గసగసాలు నేల మీద పారడం అన్నీ చెప్పాను. అందరూ నవ్వారు. ఒకాయన అడిగాడు, "అయితే ఆ సూదిమందు పని చేయలేదా అబ్బా?"

"ఎక్కడ చేసింది! వట్టి నీళ్ళు. మాయంతా గసగసాల మూటదే."

టెంకాయ పీచు తీస్తున్న ఆయన చెయ్యి ఆగింది.

"ఎవురు సెప్పినారు నీకు?"

"డాక్టరే అన్నాడు గదప్పా."

"ఆయప్పకేం తెలుసు? మందు పని చేసినాది. పైన తోలు మొద్దుబారినా లోపల నొప్పి పీకేది, సూది పడినాక వదిలేది. రేయంతా పాదం పట్టుకొని కూసున్నోడికి మద్దేనం ఒక నిద్దర పట్టే పాటి వదిలేది."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"అడిగినారా ఎవురన్నా? ఆయప్ప కాలును అడిగె. నొప్పి వదిలినాక కన్ను మూద్దామంటే నువ్వు పీట లాక్కోని వస్తివి. మీ నాయన పొట్టేళ్ళని, నువ్వు ఎక్కని ఓడని దీపాలు పెట్టేదాకా సెప్తివి. ఆ మందు గుణమంతా నువ్వే తినేస్తివి గదయ్యా. ఒక్క దినమన్నా నిద్దర పోనిస్తివా?"

"పొమ్మని అనుంటే పోయేవాణ్ణే."

"ఎట్లంటాను? నువ్వు పలకరించేదానికి ఈ ఊళ్ళో ఇంకొక మనిసి లేడని తెలుస్తానే ఉండె. అందుకే మేలుకొని ఉంటి."